దారుణమైన డోరు

డెంటరు సొట్టలు తీస్తాడు, డెంటరు తప్పులు పెయింటరు తీస్తాడు. మా షెడ్డులో నేను రోజుకోసారైనా అనే మాట ఇది. వింటే మా బావ నూకయ్యకు ఒళ్ళు మండేది. మండాలనే అనేవాణ్ణి. లోకంలో ఏ డెంటరూ రేకును పూర్తిగా సాపు చెయ్యడు. పల్లంగా మిగిలిన చోట పుట్టీ మెత్తి, ఇసుక కాగితంతో రుద్ది, పైన రంగు కొట్టి వాడి పరువు కాపాడేది నాలాంటివాడే. ఒక్క మా బావ పనిలో మాత్రం నాకు కాపాడ్డానికి ఏమీ మిగిలేది కాదు. ఆయన మీద నా కోపమంతా అందుకే.

బావ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, స్మితీ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. స్మితీ షాపంటే కమ్మరి కొలిమే, కాకపోతే రాక్షసుడి కొలిమి. మనిషంత ఇనుప దిమ్మలు నిప్పుల్లోంచి ఎర్రగా బయటికొస్తాయి, ఆవిరి సమ్మెట కింద పడి చెప్పిన మాట వింటాయి. అక్కడ బతికినవాడికి నిప్పు మీద నమ్మకం దేవుడి మీద కంటే ఎక్కువ. "కాలితే ఇనని ఇనుము నేదురా" అని బావ సామెత.

పక్కనే స్ప్రింగ్ షాపు ఉండేది. అక్కడివాళ్ళ పద్ధతి వేరు. ఇనుప పట్టీని కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి, ఆకురాయితో గీకి గట్టిదనం చూసి, పసిబిడ్డకు తలంటినంత గారాబం చేసేవారు. స్మితీ వాళ్ళకు వాళ్ళంటే వేళాకోళం. "తలంట్లోళ్ళు" అని పేరు పెట్టింది మా బావే. ఆ పేరు రెండు షాపుల్లోనూ నిలిచిపోయింది.

రిటైరయ్యాక ఆ ఊళ్ళోనే తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకుని, రోడ్డు పక్క షెడ్డు వేశాడు. నేను ఆయన భార్య రత్నానికి తమ్ముణ్ణి, పేరు జగ్గారావు. రేకు ఆయనది, రంగు నాది. లారీలు, అంబాసిడర్లు, జీపులు, ఏ సొట్టయినా ఆయన చేతికి తిన్నగా లొంగేది. తొంభై ఏడులో కొత్తరకం కార్లు ఒకటీ అరా మా ఊళ్ళో కనబడ్డం మొదలైంది. తేలికగా, నున్నగా, తలుపు వేస్తే చప్పుడు కాకుండా ఉండేవి. మిగతా డెంటర్లు వాటిని ముట్టుకోడానికి జంకేవారు. బావ మాత్రం అలాంటిదొకటి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఉండేవాడు. కోరుకున్నట్టే వచ్చింది, కానీ తెచ్చినవాడు మనవాడే అయిపోయాడు.

ఓల్డ్ సెటిల్‌మెంట్లో రైల్వేవాళ్ళు బావకు ఇచ్చిన పాత క్వార్టరుకు పక్క క్వార్టరు సమూయేలుది. ఆయన మెయిలు బళ్ళ డ్రైవరు. ఆయన భార్య అన్నమ్మ మా బావను అన్నయ్యా అంటుంది, కాబట్టి సమూయేలుకు కూడా నూకయ్య బావే. మతాలు వేరయినా వరస తప్పేది కాదు. క్రిస్మసు కేకు మా ఇంటికి, మా అట్లతద్ది అట్లు వాళ్ళింటికి ఎన్నేళ్ళనుంచో నడుస్తున్నాయి. ఆ సమూయేలు కలకత్తాలో ఎవరో అమ్మితే కొత్తరకం కారొకటి, తేనె రంగుది, కొన్నాడు. కొన్న మూడో నెల్లో మా ఊళ్ళో చౌరంగీ కూడలి దగ్గర ఒక లారీ చూడకుండా తిరిగి, మూతి తెచ్చి ఎడం పక్క ముందు డోరులో దించింది. ఆ డోరు పక్కన కూర్చున్నది అన్నమ్మ.

డోరు చూసినవాళ్ళు ముందు అడిగిన మాట, మనిషి బతికిందా అని. బతికింది. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది, అంతే. చెయ్యి గుడ్డ ఊయలలో వేసుకుని ఇంటికొచ్చేసింది.

సమూయేలు ముందు కలకత్తా షోరూముకు వెళ్ళి అడిగాడు. అక్కడివాడు డోరు సంగతి విని, ఈ డోరు బాగుచెయ్యకూడదు, మొత్తం మార్చాల్సిందే అన్నాడు. కొత్త డోరు ఎక్కడినుంచో రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నాడు. ఎందుకు బాగుచెయ్యకూడదో వాడు చెప్పలేదు. సమూయేలు అడగలేదు. కారు తిన్నగా మా షెడ్డుకు వచ్చింది.

"మారిస్తే ఆడికి లాభం, అందుకే మార్సమంటన్నాడు బావా" అన్నాడు సమూయేలు.

"మార్సడానికి మేస్త్రీ ఎందుకురా? బోల్టులిప్పి బిగించడానికి స్పానరుంటే సాలదేటి?" అన్నాడు బావ. డోరు మీద అరచెయ్యి పెట్టి, సొట్ట లోతంతా తడిమి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత సంబరపడి ఉండడని మా అక్క అంది.

పని మొదలుపెట్టే ముందు అన్నమ్మ వదినను చూడడానికి బావా నేనూ ఓల్డ్ సెటిల్‌మెంటుకు వెళ్ళాం. వాకిట్లో కుర్చీలో కూర్చుని, ఒంటి చేత్తో చిక్కుళ్ళు తుంచుతోంది. చర్చికి కూడా రిక్షాలోనే వెళ్ళొస్తోందట. కారన్న మాట ఎత్తగానే ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"కళ్ళు మూసుకుంటే ఆ లారీ మూతే కనబడతన్నాది అన్నయ్యా" అంది.

"బాగయిపోద్దమ్మా. నేను సేస్తన్నాను కదా" అన్నాడు బావ.

ఆమె సమూయేలు వైపు చూసి, ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగింది. "పెళ్ళయినకాణ్ణించి ఈయన ఇంజన్లోనే ఉన్నాడు. నేను ఇంట్లో ఉన్నాను. రేత్రిపూట ఏ బండి కూతేసినా, ఈయన బండేనేమో అనుకుని లేచి కూకునేదాన్ని. ఆ కారు ఎందుకు కొన్నాడో తెలుసునా? నన్ను పక్కన కూకోబెట్టుకుని తిప్పడానికి. ఆ సీటు నాకు కావాల అన్నయ్యా. కానీ బయమేస్తన్నాది."

ఆమే మళ్ళీ అంది. "ఈయన మాట నేను నమ్మను, ఈయనకి కారంటే పిచ్చి. నువ్వు సెయ్యి. సేసి నీ నోటితో 'ముందటిలాగే ఉన్నాది అన్నమ్మా' అని సెప్పు. ఆ దినం ఎక్కుతాను. నువ్వు సెప్పకపోతే ఎక్కను."

తిరిగిరాగానే బావ ఇంట్లోకి వెళ్ళకుండా తిన్నగా షెడ్డులోకి నడిచి పనిముట్లు తీశాడు.

డోరు విప్పి బల్ల మీద పెట్టాం. కారు డోరంటే లోపల ఒక చట్రం, దాని మీద దుప్పటిలా కప్పిన పై రేకు. రేకు అంచులు చట్రం మీదకు మడిచి ఉంటాయి. బావ ఆ మడతలు ఒక్కొక్కటే విప్పి, చిరగకుండా రేకును లేపాడు. లోపల మాకు కొత్తది ఒకటి కనబడింది. డోరుకు ఈ చివరనుంచి ఆ చివరకు అడ్డంగా ఒక గొట్టం లాంటి రాడ్డు. అంబాసిడర్లో అలాంటిది లేదు, జీపులో లేదు. లారీ దెబ్బకు అది మధ్యలో లోపలికి వంగి ఉంది. వంగిందే కానీ ఎక్కడా చిట్లలేదు.

బావ చట్రాన్ని బిగించి, రాడ్డు మధ్యలో జాకీ పెట్టి ఒత్తాడు. ఒత్తినంతసేపూ రాడ్డు బుద్ధిమంతుడిలా తిన్నగా నిలబడింది. జాకీ తియ్యగానే మళ్ళీ తన వంకర తను వెతుక్కుంది. ఇంకోసారి ఒత్తాడు, అదే వరస. ఇంకా గట్టిగా ఒత్తితే చట్రమే కిర్రుమంది. రాడ్డు మాత్రం చలించలేదు.

నాకు మహా సరదాగా ఉంది. "తాడిని తన్నేవాడుంటే ఆడి తల తన్నేవాడుంటాడు బావా. నీకు ఈడు దొరికినాడు" అన్నాను.

"నోర్మూసుకుని గ్యాస్ ఎలిగించు" అన్నాడు.

వెలిగించాను. ఆయన మంటను రాడ్డు మధ్యలో ఆడించాడు. నల్లగా ఉన్నది నీలమై, ఆ తర్వాత చీకటి ఎరుపై, చివరికి పండిన టమాటా రంగుకు వచ్చింది. అప్పుడు జాకీ ఒక్క పిసరు తిప్పాడు. అంత మొండి రాడ్డూ మైనంలా కదిలి తిన్నబడింది. చల్లారాక జాకీ తీస్తే అక్కడే ఉంది. బావ దాని మీద దారం లాగి పట్టుకుని చూశాడు. ఎక్కడా వెంట్రుక వాసి తేడా లేదు.

"ఏటన్నాను? కాలితే ఇనని ఇనుము నేదు" అన్నాడు. నాకు ఒప్పుకోక తప్పలేదు.

తర్వాత పై రేకు. లోపల ఇనుప దిమ్మ ఆనించి, బయటనుంచి చిన్న సుత్తితో తట్టి తట్టి, సాగిన చోట కాస్త సెగ చూపించి తడిగుడ్డ అద్ది, రేకును దాని పాత ఒంపుకు తెచ్చాడు. నాకు పుట్టీ పని దాదాపు లేనట్టే. ఇక రంగుకు నేను పడిన పాట్లు ఎవరికీ అక్కర్లేదు కానీ చెప్తాను. తేనె రంగులో సన్నటి మెరుపు ఒకటి కలిసి ఉంటుంది. అది ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా కనబడుతుంది. కలిపిన రంగును దెబ్బ తగలని కుడి డోరు పక్కన పెట్టి చూసుకుంటూ, కలిపింది పారబోస్తూ, మళ్ళీ కలుపుతూ, చివరికి నాకే ఏ డోరు ఏదో తెలియనంతగా కుదిరింది. కారుకు డోరు బిగించాక మా అక్క ముందు నించుని, అందులో చూసుకుని బొట్టు సరిచేసుకుంది.

విశ్వకర్మ పూజ రోజు కారు తీసుకుంటానని సమూయేలు కబురంపాడు. బెంగాల్లో ఆ పూజకు ఉన్న విలువ మన వైపు లేదు. ఆ రోజు వర్క్‌షాపులో, గ్యారేజీల్లో, సైకిలు షాపుల్లో కూడా దేవుడి బొమ్మ నిలబెడతారు. పనిముట్లన్నీ కడిగి, బొట్టుపెట్టి, దేవుడి కాళ్ళ దగ్గర పెడతారు. పూజ రోజంతా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. సుత్తికి కూడా సెలవు ఉన్న ఊరు మాది. సమూయేలు చర్చి మనిషే అయినా ఆ రోజు మా షెడ్డులో వండే కిచిడీ ఎన్నడూ మానలేదు.

పూజకు ముందురోజు మధ్యాహ్నం, చివరిసారి డోరు వేసి తీసి చూస్తుంటే లోపల ఎక్కడో టకటకమంది. బావ లోపలి అట్ట విప్పి చెయ్యి పెట్టి తడిమాడు. రాడ్డు మీద, తను కాల్చిన చోటికి దగ్గర్లో, గ్యాస్ పనిలో అంటుకున్న ఇనుప బొట్టు ఒకటి తాళం తీగకు తగులుతోంది. పొట్టి ఆకురాయి ఇమ్మన్నాడు. ఇచ్చాను. అది అరిగిపోయిన ఆకురాయి, పారేద్దామని పక్కన పెట్టినది.

రెండుసార్లు రాకి ఆగిపోయాడు. చెయ్యి బయటికి తీసి వేళ్ళు చూసుకున్నాడు. వేళ్ళ నిండా ఇనుప పొడి.

"బొట్టు పోనాదా?" అన్నాను.

ఆయన మళ్ళీ చెయ్యి పెట్టి, ఈసారి రాడ్డు చివర, మంట తగలని చోట రాకాడు. ఆకురాయి కీచుమని జారిపోయింది. మళ్ళీ మధ్యలో రాకాడు. అంత అరిగిన ఆకురాయికి కూడా అక్కడ పొడి రాలింది. లేచి వెళ్ళి కుడి పక్క డోరు అట్ట కూడా విప్పాడు. ఆ డోరులోనూ అలాంటి రాడ్డే ఉంది, దాన్ని ఎవరూ ముట్టలేదు. ఈ చివరా, మధ్యలో, ఆ చివరా రాకాడు. మూడు చోట్లా సన్నటి గీత పడింది తప్ప పొడి రాలలేదు.

బావ కారు అంచు మీద కూలబడ్డాడు. "తలంట్లోళ్ళు" అన్నాడు మెల్లగా.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. స్ప్రింగ్ షాపువాళ్ళు ఆకురాయితో గీకి చూసేది ఇందుకే. ఆ రాడ్డు మామూలు ఇనుము కాదు. కంపెనీవాడు దానికి ఏదో సెగ పెట్టి, ఏదో రకంగా చల్లార్చి, లోపల బిగువు ఎక్కించాడు. జాకీకి లొంగకపోవడం దాని మొండితనం కాదు, దాని గుణం. ఎర్రగా కాల్చేసరికి ఆ గుణం కాస్తా పోయింది. ఇప్పుడది పైకి తిన్నగా ఉన్న మెత్తటి గొట్టం.

"అయితే నువ్వూ మళ్ళీ కాల్చి నూనెలో ముంచు" అన్నాను.

"ఎంత కాల్చాల? ఏ నూనె? ఎంతసేపు? నాకు తెలవదురా. తెలవనోడు ముంచితే గాజయిపోతాది. ముందు మెత్తన సేసినాను, ఇప్పుడు పగలగొట్టమంటావేటి?"

నాకు కోపం వచ్చేసింది. అన్ని రోజులు పడిన పాటు, ఆ రంగు, ఆ మెరుపు. "ఎవడు సూసొచ్చినాడు బావా డోరు లోపల? మళ్ళీ లారీ వచ్చి ఆ డోరుకే గుద్దుతాదా ఏటి? ఒకపాలి పిడుగు పడ్డ సోట మళ్ళీ పడతాదా?"

"పడదు" అన్నాడు. "పడదనే అనుకుందాం. అయితే అన్నమ్మకి నేనేటి సెప్పాల?"

ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడని అక్క పొద్దున్న చెప్పింది. ఏమైందని అడిగితే, కడుపులో బాగోలేదన్నాడట.

పూజ రోజు పొద్దున్నే షెడ్డు కడిగి, మామిడాకులు కట్టి, బొమ్మ నిలబెట్టాం. సుత్తులు, దిమ్మలు, జాకీ, నా రంగుల తుపాకీ, ఆకురాళ్ళు అన్నీ దేవుడి ముందు వరసగా పడుకున్నాయి. పంతులు పూజ చేసి వెళ్ళిపోయాడు. ఆకాశం నిండా గాలిపటాలు. మేం అన్నా అన్నట్టు దాదా అని పిలిచే పక్క సైకిలు షాపు బెంగాలీ కిచిడీ తినడానికొచ్చి, కారు చుట్టూ తిరిగి, ఎడం డోరు మీద వేలు రాసి, "దారుణ్! నూకయ్యదా, దారుణ్!" అన్నాడు. బెంగాలీలో దారుణ్ అంటే అద్భుతం అని. మనకు దారుణం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళుగా ఆ మాట వింటూ మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ పొద్దున మా బావ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ రోజు ఆ మాట రెండు భాషల్లోనూ నిజమే మరి.

నాకు ఒక సంగతి తట్టింది. కారు రెండు ముందు డోర్లకూ లోపలి అట్టలు ఇంకా బిగించలేదు. పైన పటారం, లోన లొటారం అన్నట్టుంది వాలకం. బావ మరిచిపోయే రకం కాదు. కావాలనే వదిలేశాడు.

రిక్షాలో సమూయేలు, అన్నమ్మ వచ్చారు. ఆమె చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. చెయ్యి ఇంకా గుడ్డలోనే ఉంది. సమూయేలు డోరు చూడగానే చిన్నపిల్లాడైపోయాడు. తట్టి చూశాడు, వంగి అందులో తన మీసం చూసుకున్నాడు. "షోరూమోడికి సూపించాల దీన్ని!" అన్నాడు. వాడకట్టువాళ్ళు చుట్టూ చేరారు. మా అక్క కిచిడీ పళ్ళెం పట్టుకుని నించుంది.

అన్నమ్మ డోరు జోలికి పోలేదు. తిన్నగా మా బావ ముందుకొచ్చి నించుంది. "సెప్పు అన్నయ్యా. ముందటిలాగే ఉన్నాదా?"

బావ బొట్టుపెట్టిన పనిముట్ల వైపు చూశాడు. అందరూ ఆయన నోటి వైపు చూస్తున్నారు. నేను ఆగలేకపోయాను. "ఉండకేటి వదినా? ముందటికన్నా బాగున్నాది!" అని అరిచాను.

బావ నా వైపు తిరగను కూడా తిరగలేదు. "ఆడు పెయింటరమ్మా" అన్నాడు. "ఆడు రంగు సంగతి సెప్తన్నాడు."

నేను అబద్ధమాడలేదని ఇప్పటికీ అంటాను. రంగు నిజంగా ముందటికన్నా బాగుంది. కానీ ఆ ఒక్కమాటతో నలుగురిలో నన్ను నేలమట్టం చేశాడు.

"మరి నీ సంగతి?" అంది అన్నమ్మ.

"నేదమ్మా" అన్నాడు బావ. "ముందటిలాగ నేదు."

సమూయేలు నవ్వబోయి, ఆగి, "ఏటి బావా, యాళాకోళమా?" అన్నాడు. బావ దేవుడి బొమ్మ దగ్గరికి నడిచాడు. బొట్టుపెట్టిన పనిముట్ల మధ్యనుంచి పొట్టి ఆకురాయి తీశాడు. మా అక్క "ఓలమ్మో, ఇయ్యాల ముట్టకూడదయ్యా!" అని పళ్ళెం కింద పెట్టేసింది. సైకిలు షాపు దాదా నాలిక కరుచుకున్నాడు. నా ఎరుకలో మా బావ ఏ ఏడూ ఆ పని చెయ్యలేదు. తన కూతురి జ్వరానికి మందు సీసా మూత ఊడకపోతే కూడా ఆ రోజు పట్టకారు ముట్టలేదు.

ఆకురాయి అన్నమ్మ కుడి చేతిలో పెట్టాడు. "నేను సెప్పడం కాదు, నువ్వే సూడు."

ముందు కుడి డోరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆమె చెయ్యి పట్టి లోపల రాడ్డు మీద ఆనించాడు. "రుద్దు." ఆమె రుద్దింది. కీచుమని జారింది. ఇంకోసారి రుద్దింది. చూస్తే ఒక గీత, అంతే. తర్వాత ఎడం డోరు. అక్కడ రెండుసార్లు రుద్దేసరికి పొడి రాలి ఆమె తెల్ల చీర కుచ్చెళ్ళ మీద పడింది. ఆమె ఆ పొడినీ, ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆ దినం లారీ దెబ్బ కాసింది ఈ రాడ్డే సెల్లీ" అన్నాడు బావ. "అది ఒంగింది, నిన్ను ఒంగనివ్వనేదు. అంత గట్టి పేనం దానిది. నాకది తెలవనేదు. ఒంకరున్నాదని కాల్చి తిన్నగ సేసినాను. తిన్నగ అయినాది కానీ సచ్చిపోనాది. ఇంకో దెబ్బ ఇది కాయదు. షోరూమోడు సెప్పింది నిజిం. ఎందుకని నేనడగనేదు. అడగాలని కూడా అనిపించనేదు నాకు."

సమూయేలు ముఖం ఎర్రబడింది. "నిన్ను నమ్మి తెచ్చినాను కదా బావా! ఊరంతా సెప్పుకున్నాను కదా!"

"నన్నే అను. తప్పు నాది" అన్నాడు బావ. ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఆవిరి సమ్మెట కింద వేలి కొస నలిగినప్పుడు కూడా మా అక్క దగ్గర ఏడవని మనిషి. ఆయన్ను అలా చూస్తుంటే నా కోపమంతా ఎటో పోయింది. వాడకట్టువాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రేపు సాయంత్రానికల్లా ఓల్డ్ సెటిల్‌మెంటు వీధులన్నీ తిరుగుతుంది ఈ కబురు. నూకయ్య చేతిలో రాడ్డు చచ్చిందట అని. అది ఆయనకూ తెలుసు.

అన్నమ్మ ఆకురాయి ఆయనకు తిరిగి ఇచ్చేసింది. చీర మీది పొడి దులుపుకుంది.

"కొత్త డోరు వస్తే ఎవరు బిగిస్తారు?" అంది.

"షోరూమోళ్ళే బిగిస్తారమ్మా. నేను కలకత్తా ఎల్లి దగ్గరుండి ఆర్డరు రాయించొస్తాను."

"ఆళ్ళు కాదు. నువ్వు బిగించాల. బిగించి నువ్వే సెప్పాల."

"ఇంకా నా మాటకి ఇలవేటుందమ్మా?"

"నేదని సెప్పిన నోరు కాదేటి అది? ఉన్నాదంటే ఇప్పుడు నమ్ముతాను" అంది. "ఇన్నాళ్ళూ నాకు అదే బయం. బాగోపోయినా, నా మనసు కోసమని బాగున్నాదని సెప్పేస్తావేమో అని."

ఆమె సమూయేలు వైపు తిరిగి, "తియ్యండి బండి, ఎల్దాం" అంది.

"ఇందులోనా?" అన్నాడు సమూయేలు.

"మీ ఎనకాల కూకుంటాను. ఆ పక్క డోరుకేటి అవనేదు కదా."

లారీ గుద్దిన తర్వాత ఆమె కారెక్కుతాననడం అదే మొదలు. కుడి పక్క వెనక డోరు సమూయేలు తీసి పట్టుకున్నాడు. ఆమె ఒక్క నిమిషం సీటు వైపు చూసింది. ఊయలలోని చేతిని రెండో చేత్తో పట్టుకుని, తల వంచి, ఎక్కి కూర్చుంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. మా అక్క కిచిడీ పొట్లం కట్టి ఒళ్ళో పెడితే కళ్ళు తెరిచింది. సమూయేలు ముందు ఎక్కాడు. ఆయన పక్క సీటు ఖాళీ. ఇంజను వేసి, గూడ్సు బండి నడిపేవాడి కన్నా నిదానంగా కారును రోడ్డు మీదకు తీశాడు. మా బావ ఆకురాయి పట్టుకునే కారు పక్కన నాలుగడుగులు నడిచాడు.

అన్నమ్మ అద్దం దించింది.

"ఆ డోరు బేగి తెప్పించు అన్నయ్యా" అంది. "ఎనకాల కూకుంటే ఈయన ఏటి మాటాడతన్నాడో ఇనబడదు."